నల్ల గుడారాల దారి

నేనొక వీడియో గేమ్ క్యాసెట్‌ను. పసుపుపచ్చ ప్లాస్టిక్ ఒళ్లు, కడుపులో ఓ ఎడారి. పది ఒంటెల మీద ఉప్పు వేసుకుని ఆ ఎడారి దాటి పట్నం చేరాలి. దారిలో నల్ల గుడారాల్లోంచి తలపాగాలవాళ్లు కత్తులు దూసి వస్తారు. ఒక్కొక్కణ్ణి నరికితే నూరు పాయింట్లు. నన్ను తయారు చేసినవాళ్లెవరూ ఇసుకలో నాలుగడుగులు నడిచినట్టు లేరు. గుడారంలో ఉండేవాడంటే దొంగేనని తేల్చేసి, అందరికీ ఒకే ముఖం అతికించారు. దారి తెలిసిన ఆ మనుషులే లేకపోతే ఒంటెల బిడారు ఊరు దాటేదా అన్న ఆలోచన వాళ్లకు రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు.

కువైట్ బజారులో నన్ను కొన్నది గంగరాజం. జగిత్యాల దగ్గరి మనిషి, కువైట్‌లో సిమెంటు లారీ నడిపేవాడు. సెలవు మీద వస్తూ పదకొండేళ్ల కూతురు మంజుల కోసం నన్నూ, నన్ను ఆడించే పెట్టెనూ తెచ్చాడు. ఇంట్లో మాత్రం ముభావంగా ఉండేవాడు. అన్నం ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు. భార్య లచ్చవ్వ అడిగితే, "ఏం లేదు, ఎండదెబ్బ" అనేవాడు.

ఓ ఆదివారం మంజుల ఏడో గుడారంవాణ్ణి నరుకుతుంటే, గంగరాజం ఒక్క ఉదుటున లేచి నన్ను పెట్టెలోంచి పీకేశాడు.

"నేనేం జేసిన నాయినా?" పిల్ల బిక్కమొహం వేసింది.

అతను నేలమీద కూలబడ్డాడు. "నా పాణం నిలవెట్టినోడు గసొంటి గుడారంలనే ఉంటడు బిడ్డా."

ఆ మాటతో కట్ట తెగింది. ఎండాకాలంలో లారీ ఇసుకలో దిగబడిందట. రెండు రోజులు చుక్క నీరు లేదు. ఒంటెలు మేపుకునే సాలెం అనే ముసలాయన చూసి, పాలు తాగించి, తన గుడారానికి తీసుకుపోయాడు.

"మూడొద్దులు ఎవరివని గూడ అడగలె. ఇంటికొచ్చిన చుట్టపోన్ని అట్ల అడుగరట. వాళ్ల తాతలు చుక్కలు జూస్కుంట ఉప్పు, ఖర్జూరాలు మోసిన్రట. నడి ఇసుకల బాయిలన్ని వాళ్లకెరుక."

లచ్చవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ సంగతి ఆమెకూ తెలియదు.

మర్నాడు మంజుల నన్ను మళ్లీ పెట్టింది. ఈసారి కత్తి తీయలేదు. గుడారాలవాళ్లు మీదికొస్తే తప్పుకుంది, ఆగింది, ఎగిరి దాటింది. నాకు ఒకటే దడ. వాళ్లను మీద పడమని నాలో రాసిపెట్టారు, చెరపడం నా వల్ల కాదు. మూడుసార్లు ఓడింది. నాలుగోసారి పది ఒంటెలూ పట్నం చేరాయి. పాయింట్లు సున్నా. అయినా పట్నం కోట తలుపు తెరుచుకుంది! చంపకుండా గెలవొచ్చని నాకే తెలియదు.

"ఒక్కర్ని గూడ కొట్టలే నాయినా!"

గంగరాజం నవ్వాడు. ఆ సెలవులో అదే మొదటి నవ్వు. అది చూసి లచ్చవ్వ, ఇన్నాళ్లూ దిగమింగుకున్న మాట అడిగేసింది.

"మళ్ల పోతవా?"

"పోను. ఈడనే బస్సు నడుపుత. పొద్దుగాలనే అరబ్బు సేటుకు ఫోన్ జేసి చెప్పిన."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "గీ మాట నాకు పొద్దుగాలనే జెప్తే నీ సొమ్మేం బోతుండె?" అని కసిరింది.

నన్ను ఆడించే పెట్టె ఎప్పుడో పాడైపోయింది. మంజుల అలమరలో, పాత పుస్తకాల వెనక ఉంటున్నాను. నన్నెవరూ ఆడక ఏళ్లయింది. దిగులేం లేదు. నాలో ఇప్పుడు ఎవరూ ఎవరినీ నరకడం లేదు.