ఇరవై అని రాసివున్న డిస్కు

"ఆ మీట నొక్కకండి!" అంటూ వెర్నా ముసలాయన చేయి పట్టుకుంది. శాంటా క్లారాలోని ఆమె రిపేరు దుకాణంలో, అతని పాత డిస్కును బిగించిన కొత్త కంప్యూటరు తెర మీద ఒక ప్రశ్న నిలిచి ఉంది: ఈ డిస్కును చెరిపి, మొదటినుంచి సిద్ధం చేయమంటారా?

"అదే అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడమెందుకని..."

"ఇల్లు తగలబెట్టమంటారా అని అడిగినా సరేనంటారా, నిక్ గారూ?"

నిక్ మాటులిచ్ తోటలోని రెండువందల ఆప్రికాట్ చెట్లను సోమవారం నరికేస్తారు. అక్కడ చిప్పుల కర్మాగారం లేస్తుంది. తండ్రి నాటిన అరుదైన రకాలను వేరేచోట అంటు కట్టాలంటే కొమ్మలు ఈ రెండు రోజుల్లోనే కోయాలి. జనవరిలో ఆకు రాలిన చెట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏ రకమో చెప్పే జాబితా ఈ డిస్కులోనే ఉంది.

లేబుల్ మీద ఇరవై మెగాబైట్లని ఉంది. డిస్కు మీద రాసి, చదివే కొత్త కార్డు సరిగ్గా ఆ మోడల్‌కు తగినదే. మరెందుకు చదవదు?

"ఇందులో ఎంత పట్టేదండీ?"

"ముప్పై. అమ్మినోడు భలే కిటుకు చెప్పాడమ్మాయ్! ఇరవైదీ ముప్పైదీ కవల పిల్లలేనట. ఎక్కువ పోసి ముప్పైది కొనడం దండగ, కార్డు మారిస్తే చాలన్నాడు."

వెర్నా లేబుల్‌ను మళ్లీ చూసింది. గంట నుంచి తను నమ్మింది లేబుల్‌ను! అది చెప్పేది చేసినవాడి ఉద్దేశం మాత్రమే. లోపలి రాత, రాసిన కార్డుది. ఆ పాత కార్డు ఒత్తుగా రాసి, ఇరవై పట్టే చోట ముప్పై ఇరికించింది. పలుచగా రాసే కార్డుకు అది ఖాళీ పలకే. ఒత్తుగా రాసే కార్డుల్లో సైతం ఒక కంపెనీ రాత మరొకదానికి అర్థం కాదు.

"పాత కార్డేదీ?"

"పాత కంప్యూటరుతోపాటు, పాత సామాన్లు కొనే డేల్‌కి అమ్మేశా. ఇవాళ కాలేజీ మైదానంలో పాత ఎలక్ట్రానిక్ సామాన్ల సంత. అక్కడే ఉంటాడు."

డిస్కు తీసుకుని ఇద్దరూ ట్రక్కులో దూసుకుపోయారు. డేల్ బల్ల వెనుక నుంచి నవ్వాడు. "అమ్మింది వెనక్కి అడగడానికొచ్చావా, ముసలి నక్కా?"

"కార్డివ్వరా బాబూ, తిట్లు తర్వాత!"

తొట్టె నిండా కార్డులు. నిక్ పాత కార్డు కంపెనీవే రెండు దొరికాయి. జనరేటర్ మీద నడిచే డేల్ కంప్యూటరుకు డిస్కు తగిలించి, మొదటి కార్డు పెడితే ఏమీ రాలేదు. రెండవది పెట్టగానే తెర నిండా పేర్లు!

"మా నాన్న చెట్లు!" నిక్ గంతేసినంత పని చేశాడు.

ప్రింటర్ కిరకిరలాడింది. నూట యాభై వరుసలు దాటాక డిస్కు తడబడింది. ఒత్తురాత కోసం పుట్టినది కాదు. వేడెక్కేకొద్దీ పట్టు తప్పుతోంది. వెర్నా దాన్ని ఆపి, చలిగాలిలో చల్లారనిచ్చి, మళ్లీ నడిపింది. మరికొన్ని. మళ్లీ ఆపింది. చివరికి మూడు చెట్ల పేర్లు మాత్రం ఎన్నిసార్లు అడిగినా రాలేదు.

"క్షమించండి," అంది వెర్నా.

"దేనికి? ఆ మూడింటి కొమ్మలూ కోస్తా." నిక్ అప్పటికే కాగితాలు చుట్టుకుని ట్రక్కు వైపు నడుస్తున్నాడు. "మూడేళ్లకు కాస్తాయి. అప్పుడు తిని చూసి పేర్లు నువ్వే రాద్దువుగాని, రా!"