కాచి చల్లార్చిన నీళ్లు

ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన చెయ్యి ఊరుకుంటుందా? రిటైరయ్యాక కూడా ఆవిడ ఇంట్లో చెంచా దగ్గర్నుంచి దువ్వెన దాకా మరిగి తీరాల్సిందే. భర్తకు నిమ్ము చేసి తగ్గాక మరీనూ. మూడు నెలలుగా ఆయన గది కిటికీ తెరుచుకోలేదు. దుమ్మట, చలిగాలట! సోడా కొట్టు నడుపుతూ వీధి వీధినంతా పలకరించిన మనిషి, మంచం మీద పడి గాజుతొట్టిలో ఎర్రచేపను చూస్తూ పొద్దుపుచ్చేవాడు. ఆయనతో రోజంతా ఉండేది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఆవిడ తొట్టిలో నీళ్లన్నీ మార్చింది. కాచి, చల్లార్చి, వడగట్టి మరీ పోసింది. పరదాలోంచి వచ్చే ఎండకు గదంతా తేనెరంగైంది. కుర్చీలో కూర్చున్న ఆవిడకు కునుకు పట్టింది. కలలో పాత సోడా కొట్టు, చల్లటి సీసాలు, మూత తీయగానే బుసబుసా పైకెగిరే బుడగలు. వాటి వెనక నూనూగు మీసాల ఆయన, తననే చూస్తూ.

"ఏమేవ్! చేప చూడు!"

ఉలిక్కిపడి లేచింది. చేప పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ రొప్పుతోంది.

"అయ్యో, ఒక్క క్రిమి లేకుండా కాచానండీ!"

"క్రిములతో పాటు గాలీ పోయిందే పిచ్చిదానా! నీళ్లలో కరిగిన గాలే దాని ఊపిరి. గ్యాసు ఎక్కించే ముందు సోడా నీళ్లు ఎందుకు చల్లబరిచేవాణ్ణి? చల్లటి నీళ్లే గ్యాసును పట్టుకుంటాయి, వేడెక్కితే వదిలేస్తాయి. ఎంత ఒత్తిడి పెట్టి ఎక్కించినా, మూత తీస్తే మళ్లీ బుస్సే."

"ఇప్పుడెలా? అదీ పోతే మీకు..." ఆవిడ తొట్టి మీదికి వంగింది.

"ఐసు వెయ్యకు, చలికి చస్తుంది. చెంబుతో ముంచి పైనుంచి ధారగా పొయ్యి. ఆ నీళ్లని గాలి తాగనీ."

ముంచింది, పోసింది, మళ్లీ ముంచింది. భుజాలు లాగేస్తున్నా ఆపలేదు. ధార పడిన చోటల్లా బుడగలు మెరుస్తూ లోపలికి దిగి, మెల్లగా పైకి తేలుతున్నాయి. తను ఇంకా కలలోనే ఉన్నానేమో అనుకుంది. చాలాసేపటికి చేప కిందికి దిగి, తోక ఆడించి, తొట్టిలో ఒక చుట్టు తిరిగింది.

"బతికిందండీ!" మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"నీ శుభ్రం దాని ప్రాణం మీదికి తెచ్చింది," ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి కిటికీ వైపు చూశాడు. "మరి నా సంగతేమిటే?"

ఆవిడ చెంబు కింద పెట్టి, కుర్చీ పక్కకు జరిపి, కిటికీ గడియ తీసింది.