మాణిక్యాంబ దగ్గు

మాణిక్యాంబ దగ్గు ఇప్పుడు ఇంట్లో లేదు. శుక్రవారం శుక్రవారం టీవీలో వస్తుంది.

దాన్ని టీవీ నాటకంలో పెట్టింది ఆమె భర్త గవర్రాజే. హైదరాబాదుకి టీవీ వచ్చిన కొత్త. అంతకుముందు ఆయన కోఠీలో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతూ స్టేజీకి నాటకాలు రాసేవాడు. ఉన్న నాలుగు గిన్నెలతోనే కొట్టు నిండుగా కనిపించేట్టు సర్దడం ఆయనకు తెలుసు. స్టూడియోలో ఉన్నదల్లా ఒక గది, ఒక అట్ట కిటికీ. ఆ గదికి సరిపడే కథ కావాలి. ఇంట్లో ఏళ్ల తరబడి ఊరికే పడి ఉన్న సరుకు భార్య దగ్గు. తీసుకెళ్లి కథానాయికకు ఇచ్చాడు.

మొదటి భాగం వచ్చిన మర్నాడే మాణిక్యాంబ మంచం దిగి, నల్లా దగ్గర బిందె నింపుకొస్తుంది. డాక్టరు ఆమె ఊపిరితిత్తులు విని, "ఎవరికిచ్చారమ్మా?" అని మాత్రం అడుగుతాడు.

నాటకానికి గిరాకీ పెరుగుతుంది. టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పులు గుట్ట పడతాయి. ఇచ్చింది పనికిరాని దగ్గు, తిరిగి వచ్చింది ఇంట్లో మనిషి. ఇంతకంటే మంచి బేరం గవర్రాజు తన జన్మలో చేయలేదు.

అప్పుడు ప్రొడ్యూసర్ భుజంగరావు పిలిపిస్తాడు.

"వచ్చే శుక్రవారంతో ఆపేద్దామండీ. పంకజం ఇంటికెళ్లినా దగ్గుతోంది."

"పాత్రలో లీనమైపోయుంటుంది."

"నెత్తురు కూడా పడుతోందండీ."

కథానాయిక వేషం వేసే పంకజం పక్కనే నిలబడి ఉంది. పాతికేళ్లుండవు. "మీ సరుకు మీరు తీసేసుకోండి బాబాయిగారూ. నాకింకా పెళ్లి కూడా కాలేదు" అంటుంది.

తిప్పి పంపిన సరుకు ఏ గుమ్మానికి వస్తుందో గవర్రాజుకు తెలుసు.

మాణిక్యాంబ బియ్యం ఏరుతూ అంతా వింటుంది. "ఆ పిల్ల ఉసురు మనకెందుకు? నాది నాకు తెచ్చెయ్యండి."

"ఈసారి నువ్వు దక్కవే."

"మరెవరు పుచ్చుకుంటారు? దగ్గేమన్నా తాంబూలమా?"

ఆయన చివరి భాగం రాస్తాడు. అందులో పాత సామాన్లు కొనే ముసలాయన ఒకడు వస్తాడు. ఆ వేషానికి ఎవరూ ఒప్పుకోరు. గవర్రాజే వేస్తాడు.

"ఏముందమ్మా అమ్మడానికి?"

"దగ్గొక్కటే ఉందండీ."

"ఇటు పడెయ్యి."

పంకజం దోసిలి పట్టి ఇస్తుంది. ఆయన కండువాలో మూట కట్టుకుంటాడు. ఆమె తేలిగ్గా తలుపు తీసుకుని వెళ్లిపోతుంది. నాటకం అయిపోతుంది.

తాను నాటకంలోంచి బయటికి వస్తే మూట కూడా ఇంటికి వస్తుంది. అందుకని గవర్రాజు రాడు. వార్తలు మొదలైనా, చదివే అమ్మాయి వెనకాల, అట్ట కిటికీ కింద కూర్చుని దగ్గుతూ ఉంటాడు. ఆ అమ్మాయి మర్యాదగా ఆగి, మళ్లీ చదువుతుంది.

మాణిక్యాంబ మిరియాల పాలు కాచి టీవీ ముందు పెడుతుంది. గ్లాసులో పాలు ఒక గుక్క తగ్గుతాయి. టీవీ కట్టేసి, పెట్టె చెక్క తలుపులు మూస్తుంది. ఇంకో గుక్క తగ్గుతాయి.

ఆమె వీధిలోకి వస్తుంది. ఎదురింట్లోనూ, ఆ పక్కింట్లోనూ, మూసిన టీవీ పెట్టెల ముందు ఆవిర్లు కక్కుతూ గ్లాసులున్నాయి. అన్నింట్లోనూ పాలు ఒకే మట్టానికి దిగుతున్నాయి.