పల్లాలమ్మగారి జీపు ముందు క్రాసు

"ఇది కూడా విరిగిపోతాదిరా లోవా! కావాలంటే రాసి పెట్టుకో!"

ఈ మాట అన్నప్పుడు నేనింకా అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు. ఒంటిమీద నూనె కాగితం కూడా తియ్యలేదు. పుట్టిన బిడ్డ మొహం చూడకుండానే పోతుందనేసిన మనిషిని నేను అప్పుడే చూశాను. చూశానని ఎందుకనాలి, విన్నాను. పెట్టె మూత ఇంకా తెరవందే!

నేను ఒక క్రాసుని. జీపు ముందు ఇరుసులో, చక్రం పక్కన నా చోటు. ఇంజను బలాన్ని చక్రానికి మోసుకొచ్చే కడ్డీ అక్కడ రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెంటినీ కలిపి పట్టుకునేది నేను. చక్రం కుడికి తిరిగినా ఎడమకి తిరిగినా బలం ఆగకుండా వెళ్ళాలంటే మధ్యలో వంగేవాళ్ళు ఒకరు ఉండాలి కదా. ఇళ్ళల్లో ఆ పని కోడళ్ళు చేస్తారు, జీపులో నేను చేస్తాను. చూడ్డానికి కూడిక గుర్తులా ఉంటాను. నాలుగు చేతులు, చేతికో ఉక్కు టోపీ, టోపీ లోపల సూదుల్లాంటి సన్న బేరింగులు. మెకానిక్కులు క్రాసు అంటారు. కాస్త చదువుకున్నవాళ్ళు జాయింటు అంటారు. విరిగాక మాత్రం అందరూ ఒకటే మాట అంటారు, అది నలుగురూ చదివేచోట రాసేది కాదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. ఎర్రగా కాల్చారు, సమ్మెట మిషను కింద పెట్టి బాదారు, నూనెలో ముంచారు. ఆ మర్యాదలన్నీ జరిగితే గారె కూడా గట్టిపడుతుంది, నేను ఉక్కుని. తర్వాత రాజమండ్రిలో ఒక స్పేర్ పార్టుల కొట్టు అరమీద కూర్చున్నాను. ఒకసారి ఒకాయన తీసుకెళ్ళి, సైజు కుదరలేదని సాయంత్రానికి తిరిగి తెచ్చాడు. పెళ్ళిచూపుల్లో వంక పెట్టి పంపించినట్టు నాకు చాలా రోజులు మనసు బాగోలేదు. ఆ తర్వాత వచ్చినవాడే లోవరాజు.

లోవరాజుకి ఒక పాత జీపుంది. రంపచోడవరం దాటాక అడవిలో దున్నమెట్ట అని ఒక కొండ. పొద్దున్నే పైకి వెళ్తే కాళ్ళ కింద మబ్బులు కనిపిస్తాయి. ఆ మబ్బుల్ని చూద్దామని ఊళ్ళలోంచి జనం వస్తారు, వాళ్ళని జీపులో పైకి తీసుకెళ్ళడం ఇతని పని. దారి అంటే రాళ్ళూ గోతులే. మరి రాళ్ళమీద వెళ్ళే బండికి ఏం చెయ్యాలి? నట్లూ బోల్టులూ చూసుకోవాలి. ఇతనేమో బండిని జానెడు ఎత్తు లేపి, ఇంతింత లావు టైర్లు వేయించాడు, నెత్తిన నాలుగు లైట్లు పెట్టించాడు. నాన్న చెప్పులేసుకుని వీధిలో తిరిగే పిల్లాడిలా ఉంది జీపు. చెప్పులు పెద్దవైతే నొప్పి ఎవరికి? చీలమండకి. ఆ చీలమండని నేను.

నాకు ముందున్న క్రాసు విరిగింది. దాని ముందుదీ విరిగింది. అందుకే లోవరాజు తల్లి పల్లాలమ్మగారు నన్ను చూడకుండానే అంతమాట అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు.

"ఈసారి ఇరిగిందో, జీపు అమ్మేత్తాను. కాయితాలు నా పేరుమీదే ఉన్నాయి, మర్చిపోకు."

"అమ్మా, పొద్దున్నే శుభమా అని కొత్త సామాను తెస్తే..."

"నిన్ను కొండకేసి పంపుతున్నాను చూడు, అదీ శుభం!"

వినేసరికి నాకు నాలుగు చేతులూ చల్లబడ్డాయి. నేను విరిగితే నా ప్రాణం ఒక్కటే కాదు, ఇతని జీపు కూడా పోతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజునే ఇంటి బరువంతా నెత్తిన పెట్టారు.

పల్లాలమ్మగారి గురించి చెప్పాలి. ఆవిడ భయపడని వస్తువు ఆ ఊళ్ళో లేదు. కుక్కరు పేలుతుందని అన్నం గిన్నెలోనే వండుతారు. ఫ్యాను ఊడి పడుతుందని దాని కింద కూర్చోరు, వచ్చినవాళ్ళని కూర్చోబెడతారు. కొండమీద మబ్బు ముక్కులోకి పోతే కొడుక్కి నిమోనియా వస్తుందని మే నెలలో మంకీ క్యాపు పెట్టి పంపించేవారు. మీరు నవ్వుతున్నారేమో, నేను నవ్వను. పనిలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, భయపడేవాళ్ళు ఒకరు ఇంట్లో ఉంటేనే మిగతావాళ్ళు ధైర్యంగా తిరుగుతారు.

నన్ను బిగించింది మెకానిక్కు జిలానీ. చేతులు మంచివి. నా టోపీలు జారకుండా లాకులు పెట్టి, వాటిమీద చిన్న వెల్డింగు చుక్క కూడా పెట్టాడు. పక్కన నిలబడి చూస్తున్న పల్లాలమ్మగారు అడిగారు.

"ఏం బాబూ, ఇదెందుకిరుగుతాది ఊరికే?"

"అరిగితే విరుగుతాదండీ జాయింటు."

అంతే. జాయింటు అన్న ఆ ఒక్కమాట పట్టుకుని ఆవిడ ఇంటికెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున ఎవరో నా ఒంటికి గోరువెచ్చగా ఏదో రాస్తున్నారు. ఆముదం! జీపు కింద చాప వేసుకుని, పడుకుని, చెయ్యి పైకి పెట్టి, పైనుంచి కిందికి మర్దనా చేస్తున్నారు పల్లాలమ్మగారు. తన మోకాళ్ళకి అదే రాస్తారు కాబట్టి. ఎంత ప్రేమగా రాశారంటే, నిజం చెప్తున్నాను, హాయిగానే ఉంది. కానీ ఆ రోజు కొండెక్కేసరికి దారిలో ఉన్న దుమ్మంతా నాకే అంటుకుంది. కజ్జికాయని పిండిలో దొర్లించినట్టయింది నా పని. దానికి తోడు దిష్టి తగలకుండా ఇరుసుకి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ మొదటి రాయికే నలిగి నా కళ్ళల్లో పడ్డాయి. నాకు కళ్ళు లేవు కాబట్టి సరిపోయింది.

చూసి జిలానీ నెత్తి కొట్టుకున్నాడు. "పిన్నిగారండీ, ఇది మోకాలు కాదండీ!"

"మోకాలు కాకపోతే ఏంటి నాయనా? వంగుతాది, తిరుగుతాది, అరిగితే కిర్రుమంటాది. నాకూ అంతే!"

  జిలానీ కింద కూర్చుని, అరచేతిలో వేలుతో గీసి చూపించాడు. "పైన రాసేది కాదండీ, లోపలికి గ్రీజు కొట్టాలి, కొండకెళ్ళొచ్చినప్పుడల్లా. నీళ్ళల్లో దిగితే మళ్ళీ కొట్టాలి. అసలు సంగతేంటంటే, చక్రం పూర్తిగా పక్కకి తిప్పేసి, అది రాయికి తగులుకుని ఉండగా ఎక్సలేటరు తొక్కకూడదు. తిన్నగా ఉంటే ఇది ఏనుగు బలం మోస్తాదండీ. వంకరగా ఉన్నప్పుడు తొక్కితే పుల్ల ఇరిగినట్టు ఇరుగుతాది. చక్రం గాల్లో గిర్రున తిరుగుతూ దబ్బున నేలమీద పడ్డా అంతే."

ఆ కూర్చున్న చోటే స్టీరింగు మరీ ఎక్కువ తిరగకుండా అడ్డుగా ఉండే బోల్టుని రెండు మరలు బయటికి తీసి బిగించాడు. "ఇంక తిప్పుదామన్నా తిరగదండీ."

పల్లాలమ్మగారు ఆ మాటలన్నీ మంత్రంలా పట్టేశారు. ఇంట్లో కూర్చుని భయపడేకంటే జీపులో కూర్చుని భయపడితే దగ్గరగా ఉంటుందని, మర్నాటినుంచి ముందు సీట్లో ఎక్కేశారు. వచ్చినవాళ్ళు మబ్బులు చూసేవారు, ఆవిడ చక్రం చూసేవారు. "తిన్నగెట్టి తొక్కరా. మెల్లిగా. గాల్లోకి లేపకు. ఒరే, ఆ రాయి పక్కన్నుంచి పో, దానిమీంచి ఎందుకు, అదేమన్నా నీ అత్తారిల్లా?" వెనక సీట్లో జనం పగలబడి నవ్వేవారు. లోవరాజు చెవులు ఎర్రబడేవి. నాకు మాత్రం బంగారు రోజులు. వేళకి గ్రీజు, తిన్నని దారి, పక్కనే కాపలా. వానాకాలం వెళ్ళింది, చలికాలం వెళ్ళింది, నాలో సూది బేరింగు ఒక్కటి కూడా అరగలేదు. విరిగిపోవడానికే పుట్టిన క్రాసులు ముసలితనం చూడ్డం మా వంశంలో లేదు. నేను చూస్తానేమోనని ఆశ పుట్టింది.

మనుషులకి మాత్రం అన్నీ బాగున్నప్పుడే చెయ్యి దురద పుడుతుంది. బోల్టు అడ్డం వల్ల మలుపుల దగ్గర జీపు ఒక్కసారికి తిరగడం లేదు, వెనక్కి తీసి మళ్ళీ తిప్పాలి. ఒకరోజు వెనక సీట్లో ఎవరో "ఏం బ్రో, ఆటో అయితే ఈపాటికి తిరిగిపోయేది" అన్నారు. ఆ సాయంత్రం లోవరాజు స్పానరు తీసుకుని బోల్టు పూర్తిగా లోపలికి తిప్పేశాడు. తల్లికి చెప్పలేదు. నేను చూశాను. చూసి ఏం చెయ్యను?

ఆ మర్నాడు వాన వెలిసింది. కాకినాడనుంచి ఒక కొత్త జంట వచ్చింది. పైకి వెళ్ళే దారిలో చివరి ఎత్తు దగ్గర నా చక్రం, అంటే ముందు కుడిది, రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. స్టీరింగు సగం పక్కకి తిరిగి ఉంది. వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి. "పోయిందిరా నాయనోయ్" అంటూ పల్లాలమ్మగారు దిగిపోయి రోడ్డు పక్కన నిలబడ్డారు. కొత్త జంట కూడా దిగింది, పెళ్ళికొడుకు ఫోను తీసి వీడియో మొదలెట్టాడు.

ఇక్కడ డ్రైవర్ల పద్ధతి ఒకటి చెప్పాలి. బండి ఇరుక్కుంటే, లోపలున్నవాడికి చక్రం కనబడదు. కింద నిలబడ్డవాడు ఏం చెప్తే అది చెయ్యాలి, ఎదురు మాట్లాడకూడదు. ఇంకో సంగతి. డ్రైవర్లు స్టీరింగు తిప్పడాన్ని కట్ చెయ్యడం అంటారు. "కుడికి కట్ చెయ్, ఫుల్ కట్ చెయ్" అని అరుస్తారు. పల్లాలమ్మగారికి కట్ అంటే ఫోను కట్ చెయ్యడం, టీవీ కట్ చెయ్యడం, మోటారు కట్ చెయ్యడం.

వంకరగా ఉన్న నా చక్రాన్ని చూడగానే ఆవిడకి జిలానీ మాట గుర్తొచ్చింది. ఇంజను ఆపమని గొంతు చించుకుని అరిచారు.

"కట్ చెయ్యరా! కట్ చెయ్!"

లోవరాజు ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్ళు పక్కన కూర్చుని అమ్మ డ్రైవరు మాట నేర్చుకుంది! స్టీరింగు ఇంకొంచెం తిప్పాడు.

"ఒరే, పూర్తిగా కట్ చెయ్యరా బాబూ!"

పూర్తిగా తిప్పాడు. అడ్డుండాల్సిన బోల్టు అడ్డు రాలేదు. ఎక్సలేటరు తొక్కాడు. జన్మలో మొదటిసారి ఆ కొడుకు తల్లి చెప్పినట్టు చేశాడు. అందుకే నేను విరిగాను.

టక్.

నా చెయ్యి ఒకటి ఊడింది. దాని టోపీ ఎగిరి వెళ్ళి కొత్త పెళ్ళికూతురు చెప్పుల దగ్గర పడింది. ఆ అమ్మాయి దాన్ని తీసి "ఇది మీదేనా ఆంటీ?" అని మర్యాదగా ఇచ్చింది.

"కట్ చెయ్యమంటే తిప్పుతావేంట్రా?" అన్నారు పల్లాలమ్మగారు.

"కట్ చెయ్యడం అంటే తిప్పడమేనే అమ్మా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  లోవరాజు చక్రం విప్పాడు, ఇరుసులోంచి కడ్డీని లాగాడు, నన్ను ముక్కలుగానే తువ్వాల్లో చుట్టి తల్లి ఒళ్ళో పెట్టాడు. చక్రం మళ్ళీ బిగించి, వెనక చక్రాల బలంతోనే మెల్లిగా కిందికి దింపడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు ఫోను జేబులో పెట్టేశాడు.

నాకు విరిగిన నొప్పికంటే ఆ ఇద్దరి మొహాలే ఎక్కువ బాధగా ఉన్నాయి. తన అరుపు వల్లే విరిగిందని ఆవిడ అనుకుంటున్నారు. తను తిప్పిన బోల్టు వల్లే విరిగిందని అతను అనుకుంటున్నాడు. ఇద్దరి సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకా నోరు లేదు. మధ్యలో నన్ను పట్టుకున్న ఆవిడ చేతులు మాత్రం తువ్వాలు మీదనుంచే నన్ను నెమ్మదిగా రాస్తున్నాయి. అలవాటు కాబోలు.

జీడితోట దాటాక లోవరాజు అన్నాడు. "అమ్మా."

ఆవిడ రోడ్డుకేసే చూస్తున్నారు.

"ఆ అడ్డు బోల్టు నేనే లోపలికి తిప్పేశానే."

ఆవిడ తువ్వాలు ముడి ఇంకాస్త గట్టిగా బిగించారు. వాగు దాటాం. కోళ్ళ షెడ్డు దాటాం. జంట దిగి, గట్టిగా మాట్లాడ్డానికి భయపడి గుసగుసగా వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళిపోయింది. ఇంటిముందు జీపు ఆగింది. లోవరాజు తాళం తీసి తల్లి చేతిలో పెట్టాడు.

"అమ్మేస్తావా?"

పల్లాలమ్మగారు తాళం వైపు చూశారు. జీపు వైపు చూశారు.  పిట్టగోడమీద కోడి ఒకటి ఎక్కి, ఇటు చూసి, విసుగొచ్చి దిగిపోయింది.

"కొన్నోడికి కూడా ఒక తల్లుంటాది కదరా," అన్నారు చివరికి. "ఆవిడకి నిద్దరుండద్దా?"