వాన అడిగే మాట

చువ్వను గుడ్డకు బిగించి కుట్టి, దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపాడు గొడుగుల తాత. ప్రార్థన మందిరం వరండాలో మెట్ల పక్క మూలే ఆయన కొట్టు. తుప్పు పట్టిన రేకుడబ్బా, పట్టకారు, మోకాళ్ళ మీద పరిచిన గోనెపట్టా, అంతే సరంజామా. ఇప్పుడు కుట్టింది గిరాకీ గొడుగు కాదు. పోయిన భార్యది. రోజూ తనతో తెచ్చుకుంటాడు.

ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసే ఊరది. పొమ్మన్నా పోని చుట్టంలా వాన ఏడాది పొడుగునా తిష్ఠ వేస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ ఊరి జనమే సాయంత్రం తడిసిన గొడుగులు గుమ్మం పక్క తొట్టిలో పెట్టి, లోపలికెళ్ళి, "మా ఎండిన నేలకు వాన కురిపించు తండ్రీ" అని వేడుకుంటారు. వాళ్ళ మతం పుట్టింది ఎక్కడో దూరాన, నీటిచుక్కకు మొహం వాచిన ఎడారిలో. అది సముద్రాలు దాటి వచ్చింది, దాంతోపాటు దాని దాహమూ వచ్చింది.

ఆ మాట వచ్చినప్పుడల్లా భార్య ఆయన్ని మోచేత్తో పొడిచేది. "అదిగో, నీ గిరాకీ కోసం అడుగుతున్నారు," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. పెళ్ళైన కొత్తలో మొదలైన ఆ పోటు, ఆమె మంచం పట్టేదాకా ఆగలేదు. ఆమె పోయి చాన్నాళ్ళయినా, ఆ మాట దగ్గర ఆయన పక్కటెముకలు ఇప్పటికీ కాచుకుని ఉంటాయి. నిజం చెప్పాలంటే రోజంతా ఆయన బతికేది ఆ క్షణం కోసమే.

ఇవాళ ఆ మాట తీసేయబోతున్నారు. మొన్నటి వరద దిగువ వీధిని ఊడ్చుకుపోయింది. "ఇల్లు మునిగాక కూడా వాన ఇమ్మని అడగడానికి నాకు నోరెలా వస్తుందండీ?" అని రొట్టెలు కాల్చే ఆవిడ మందిరం పెద్దాయన్ని నిలదీసింది. ఆవిడ బాధ ఆవిడది.

తాత ఆ గొడుగును తొట్టిలో పెట్టి లోపలికెళ్ళి కూర్చున్నాడు. ప్రార్థనకు ముందు పెద్దాయన లేచాడు. "ఆ మాట ఈ నేలది కాదు. తీసేద్దామనుకుంటున్నాం. ఎవరైనా ఏమైనా అంటారా?"

గొడుగుల తాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "ఉండనివ్వండి బాబూ."

"గిరాకీ పోతుందనా తాతా?" వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

"మా ఆవిడా అదే అనేది. ఆ మాట దగ్గరే నన్ను పొడిచి నవ్వేది." పక్కటెముకల మీద చెయ్యి వేసుకున్నాడు. "అది తీసేస్తే ఆవిడ నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

రొట్టెలావిడే కళ్ళు తుడుచుకుని అంది: "మన కోసం వద్దులెండి. వాన లేనివాళ్ళు ఎక్కడో ఉంటారుగా. వాళ్ళ కోసం అడుగుదాం."

పెద్దాయన తలూపాడు. ప్రార్థనలో ఆ చోటు వచ్చింది. "ఎక్కడ నేల ఎండిందో అక్కడ వాన కురిపించు తండ్రీ."

గొడుగుల తాత ఎవరో పొడిచినట్టు కాస్త పక్కకు ఒరిగాడు, పెదవుల మీద నవ్వుతో. రోజూ అలాగే ఒరుగుతాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ప్రార్థన ముగిశాక, లేపబోయి భుజం మీద చెయ్యి వేసినప్పుడు, ఊపిరి లేదని రొట్టెలావిడకు తెలిసింది.

జోరు వానలోనే ఆయన్ని ఇంటికి మోసుకెళ్ళారు. పైన పట్టిన గొడుగుల్లో సగం ఆయన కుట్టినవే. మందిరం ఖాళీ అయింది. తొట్టిలో ఒక్క ఆడవాళ్ళ గొడుగు మిగిలింది. దాని గుడ్డ ఎన్నిసార్లు మారిందో, చువ్వలు ఎన్ని మారాయో. ఆమె చేతి రాపిడికి నున్నబడిన చెక్క పిడి మాత్రం అదే.