పొడిగదిలో రెండో ఊపిరి

మా మనవరాలు బ్యాటరీల పరిశోధనలో కొత్త ఇంజనీరు. చొక్కా గుండీలంత బ్యాటరీలు కూర్చి, అవి ఎన్నాళ్లు ఛార్జి నిలుపుకుంటాయో చూడడం ఆమె పని. అన్ని బ్యాచ్‌లలోకీ ఒక్కటే అద్భుతంగా నిలిచింది; మిగిలినవన్నీ వారం తిరక్కుండానే చతికిలబడ్డాయి. ఆ మంచి బ్యాచ్‌ను మళ్లీ చేసి చూపకపోతే పరిశోధన ఆపించేస్తానని ప్రయోగశాల పెద్దాయన తేల్చి చెప్పాడు.

భోజనాల బల్ల దగ్గర పిల్ల పళ్లెం కెలుకుతూ కూర్చుంది.

"అదే పొడి, అదే జిగురు, అదే మిషను అమ్మమ్మా! ఏం మారిందో తెలిస్తే ఒట్టు."

"మనుషులో?"

"నేనూ, మా వాగుడుకాయా. ఎప్పుడూ మేమిద్దరమేగా."

వాగుడుకాయ అంటే ఆమె తోటి ఇంజనీరు, ప్రాణస్నేహితురాలు.

"కాకపోతే ఆ వారం మాకు మాటల్లేవు. మీటింగులో నేనెలా గురక పెట్టానో సారుకి చేసి చూపించింది, రాక్షసి! అది పొడిగదిలోకొస్తే నేను బయటికి, నేను వెళ్తే అది..."

చెంచా పళ్లెంలో పడింది.

తేమ సోకితే ఈ బ్యాటరీలు పాడవుతాయి. అందుకే వాటిని గాలిలో తేమ తీసేసిన పొడిగదిలో కూరుస్తారు. తేమ కొలిచే మీటరును పొడిగాలి వచ్చే గొట్టం మూతి దగ్గరే బిగించారు కనుక అది ఏనాడూ తేమ పెరిగినట్టు చూపలేదు. మర్నాడు మనవరాలు దాన్ని పనిబల్ల మీదికి మార్చింది. తనొక్కతే ఉన్నంతసేపూ ముల్లు కదల్లేదు. వాగుడుకాయ వచ్చి కబుర్లకు దిగగానే ముల్లు పైకి పాకింది.

"నేనేం చేశానే?"

"ఊపిరి వదిలావు."

"అదీ తప్పేనా తల్లీ?"

"తప్పు కాదే, బయటికెళ్లి వదులు."

గాలిని ఆరబెట్టే యంత్రం ఒక్క మనిషి తేమకే సరిపోతుంది. తగాదా వల్ల ఇద్దరూ ఎడమొహం పెడమొహమయ్యారు. అందువల్ల గదిలో ఒక్కరే మిగిలారు. అందువల్లే ఆ బ్యాచ్ బతికింది. రాజీపడిన రోజే తేమ కూడా తిరిగొచ్చింది.

ఈసారి స్నేహం చెడకుండానే వంతులవారీగా పనిచేశారు. నెల గడిచినా కొత్త బ్యాచ్ నీరసపడలేదు. మెచ్చుకోవడానికి వచ్చిన పెద్దాయన, మనవరాలు పనిచేస్తున్న పొడిగదిలోకి అడుగుపెట్టబోయాడు. వాగుడుకాయ గుమ్మానికి చేతులడ్డం పెట్టింది.

"సార్, ఊపిరి బయటే!"

ఆయన పకపకా నవ్వి, కిటికీ అద్దానికి మొహం ఆనించి, "కానివ్వమ్మా, ఆపేది లేదు!" అని అరిచాడు. ఆ మాటకు అద్దమంతా ఆవిరి పట్టింది.