వట్టి బొటనవేలు

ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది.

రాగి తీగ అతని కుడి బొటనవేలి మీదుగా జారి చెక్క అచ్చుకు చుట్టుకుంటోంది. ఎడమ చెయ్యి పిడి తిప్పుతోంది. బొటనవేలికి గుడ్డ పేలిక చుట్టి ఉంది. అది లేకపోతే తీగ చర్మాన్ని కోసేస్తుంది. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. ముప్పై ఏళ్ళుగా అదే పని, అదే బల్ల.

"లెక్కలాయనా, మీ అక్క ఫోను" అని షాపు యజమాని కేకేశాడు.

అతను వేలెత్తి చూపించాడు, ఆగమని. లెక్క మధ్యలో దేవుడు దిగొచ్చినా అతను పలకడని షాపులో అందరికీ తెలుసు. అరవై రెండో చుట్టు పూర్తయ్యాకే ఫోను అందుకున్నాడు.

"మీ బావ నిన్ను రమ్మంటున్నాడ్రా."

"మధ్యాహ్నం వస్తాగా అక్కా, రోజూలాగే."

"ఇప్పుడే రమ్మంటున్నాడు. గోడ మీంచి గిటారు దింపించాడు."

అతను ఫోను పెట్టేశాడు. చొక్కా తగిలించుకుని రోడ్డెక్కాడు. తీగ కొస ముడివేయకుండా వెళ్ళిపోయాడని యజమాని కాసేపటికి గానీ గమనించలేదు. అరవై రెండు చుట్లూ వదులై బల్ల మీద పరుచుకున్నాయి. ముప్పై ఏళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

బావ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసేవాడు. ఎవరో ప్రయాణికుడు సీటు కింద మరిచిపోయిన క్యాసెట్టులో అమెరికా నల్లజాతి వాళ్ళ బ్లూస్ పాటలు విని, గిటారు కొని, తనంతట తనే నేర్చుకున్నాడు. బొటనవేలు లావు తీగల మీద నడక నడుస్తూ ఉంటుంది. మిగతా వేళ్ళు సన్న తీగల మీద గోడు వెళ్ళబోసుకుంటాయి. మనిషి ఒక్కడే, వింటే ఇద్దరు.

బావ దగ్గరే ఇతనూ నేర్చాడు. ఇరవయ్యారేళ్ళు ప్రతి శనివారం సాయంత్రం టీ దుకాణం వసారాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాయించారు. ఇతను తీగ మీటడానికి బొటనవేలికి ప్లాస్టిక్ పిక్కు, మరో రెండు వేళ్ళకు స్టీలు పిక్కులు తొడిగేవాడు. బావ ఏమీ తొడిగేవాడు కాదు.

"వేళ్ళకి చెప్పులేంట్రా? తీగేమైనా ముళ్ళ కంపా?" అనేవాడు బావ.

"నీ చప్పుడు నాలుగో బల్ల దాటదు బావా. నాది రోడ్డు అవతలికి వినిపిస్తుంది."

"రోడ్డు అవతల నీకు చుట్టాలెవరున్నార్రా?"

వసారా అంతా నవ్వేది. ఇతనూ నవ్వేవాడు. కానీ ఒక సంగతి గమనించాడు. తను వాయిస్తే జనం తలలు తిప్పి చూసేవారు. బావ వాయిస్తే గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, తాగడం మరిచిపోయేవారు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు పిక్కులు తీసి ప్రయత్నించాడు. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి. పగలంతా పేలిక చాటున, సాయంత్రం పిక్కు చాటున పెరిగిన బొటనవేలు అది. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి చంటిపిల్లాడి వేలంత మెత్తగా ఉంది. మీటితే తీగ మూలిగేది. ఆ సంగతి బావకు ఎప్పుడూ చెప్పలేదు.

అతను బావ ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గదిలోకి వచ్చాడు. మంచం కిటికీ పక్కన ఉంది. పక్షవాతం బావ కుడివైపును లాగేసి నెల అయింది. నోరు ఓ పక్కకు ఒరిగింది. కుడి చేతిలో బొటనవేలు ఒక్కటే కదులుతోంది. ఇక మందులు అనవసరమని డాక్టరు నిన్ననే అక్కతో చెప్పాడు.

అతను గిటారు ఒళ్ళో పెట్టుకుని జేబులోంచి పిక్కులు తీశాడు.

"చెప్పులు విడిచి రారా" అన్నాడు బావ. మాట ముద్దగా వచ్చింది.

అక్క తమ్ముడి పాదాల వంక చూసింది. "విడిచే వచ్చాడండీ."

బావ నోరు ఒక పక్కే నవ్వింది. అతను పిక్కుల్ని కిటికీలో పెట్టేశాడు.

"పిక్కుల్లేకుండా నాకు రాదు బావా."

"తెలుసు. ఓసారి మీ ఇంటి మెట్ల మీద నిలబడి విన్నా. తీగల మీద తడి దుప్పటి ఉతుకుతున్నావు."

"మరెందుకు వాయించమంటావు?"

"నాకు వినాలనుంది. నా చేత కాదు. ఇంకెవరున్నార్రా నాకు?"

అతను మీటాడు. అదే మూలుగు. మళ్ళీ మీటాడు.

"లాగకు. వేలు తీగ మీద ఆనించు. కూర్చోనీ. తనంతట తనే లేస్తుంది" అన్నాడు బావ.

బావ కుడి చేతిని అక్క ఎత్తి తమ్ముడి మోకాలి మీద పెట్టింది. ఆ బొటనవేలు నెమ్మదిగా తట్టడం మొదలుపెట్టింది. అతను ఆ తట్టుకు తగ్గట్టు తీగ మీద వేలు ఆనించాడు. అప్పుడు జరిగింది. మెత్తటి కండ తగలగానే తీగలో వెనకటి స్వరం అణిగింది. రెప్పపాటు చప్పుడేమీ లేదు. ఆ ఖాళీలోంచి తర్వాతి స్వరం గుండ్రంగా, బరువుగా పైకి లేచింది. ఇరవయ్యారేళ్ళు అతను ఆ స్వరాన్నే విన్నాడు. దాని ముందున్న ఆ రెప్పపాటు ఇప్పుడే చేతికి తగిలింది. మెత్తటి వేలికే తగిలింది.

నడక ఆగలేదు. సన్న తీగలు గొంతు విప్పాయి. బొటనవేలి చర్మం చిట్లుతున్నట్టు తెలుస్తోంది, ఎక్కడో దూరంగా. కింద వీధిలో స్కూటరు స్టార్టు చేయబోయిన మనిషి కాలు కిందపెట్టి, తలెత్తి అలాగే ఉండిపోయాడు. మంచినీళ్ళకని లోపలికి వెళ్ళిన అక్క పరుగున గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"ఆయనే వాయిస్తున్నారనుకున్నాన్రా" అంది.

అతను అప్పుడు మోకాలి వైపు చూశాడు. బావ చెయ్యి అక్కడే ఉంది. తట్టు ఎప్పుడు ఆగిందో అతనికి తెలియదు. పాట మాత్రం తప్పలేదు. బావ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, శ్రద్ధగా వింటున్నట్టు.

అతను పాట చివరిదాకా వాయించాడు. ఆ తర్వాతే అక్క వచ్చి ఆ కళ్ళు మూసింది.

ఇరుగుపొరుగు మెట్లెక్కి వస్తున్నారు. దారికి అడ్డం లేకుండా గిటారును మూలకు చేర్చబోతూ అతను ఆగిపోయాడు. అన్నిటికన్నా లావు తీగ మీద కిటికీ వెలుగు పడింది. అదీ చుట్టిన తీగే, నడుమ ఉక్కు తీగ, దాని మీద సన్నటి కంచు చుట్లు. బావ దాన్ని ఏళ్ళుగా మార్చలేదు. తీగ పొడవునా చుట్లన్నీ మసిబారి నల్లగా ఉన్నాయి. ఒక్కచోట, బొటనవేలి వెడల్పున, చుట్టుకూ చుట్టుకూ మధ్య గాడి కూడా మిగలకుండా, ఆ కంచు నున్నగా అరిగి తళతళలాడుతోంది.